కింద నిలబడి పిలిచే మనిషి

నాకు పుట్టినప్పుడు పెట్టిన పేరొకటి ఉంది గానీ, దాన్ని వాడినవాళ్లు తక్కువ. అందరికీ నేను మైకునే. నేను రహస్యం చెబితే పక్కింటివాళ్లు కూడా అయ్యో పాపం అంటారు. పద్దెనిమిదేళ్లుగా ఒక హోటల్ లాండ్రీలో సూపర్‌వైజర్‌ని. పన్నెండు వాషింగ్ మిషన్లు ఒక్కసారిగా తిరుగుతుంటే అవతలి చివర దుప్పట్లు మడతపెట్టే మనిషిని పిలవడానికి ఈ గొంతే కావాలి. ఆ తలుపు దాటి బయటికొస్తే మాత్రం దానికి విలువ లేదు. సినిమా హాల్లో, బ్యాంకులో, ఆసుపత్రిలో ఎక్కడైనా ఒకటే మాట: కాస్త నోరు ముయ్యండి.

ఆ మాట అందరికంటే ఎక్కువసార్లు అన్నది మా తమ్ముడు. ఆరో ఏట జ్వరమొచ్చి వాడికి చూపు పోయింది. ఇప్పుడు పియానోలు శ్రుతి చేస్తాడు. తీగ వెంట్రుకవాసి వదులైనా పట్టేసే చెవులు వాడివి. అలాంటి చెవుల పక్కన నన్ను పుట్టించాడంటే దేవుడికి ఎంత వేళాకోళమో చూడండి.

ముప్పై ఐదో ఏట వాడికి స్కీయింగ్ చేయాలని కోరిక పుట్టింది. విదేశానికి వెళ్లి, కాళ్లకు ఆ పొడవాటి పలకలు తగిలించుకుని, మంచుకొండ మీంచి జారాలట.

"నీకేమైనా పిచ్చా?" అన్నాను.

"పుట్టి బుద్ధెరిగాక పరిగెత్తింది లేదక్కా. ఎప్పుడూ ఎవరి భుజమో పట్టుకునే నడిచాను. ఒక్కసారి ఏదీ పట్టుకోకుండా వేగంగా వెళ్లాలనుంది."



వాడి భార్య, మా మరదలు, నోట్లో నాలుక లేని మనిషి. కానీ పట్టు పడితే ఉడుంపట్టే. ఎనిమిది రిసార్టులకు రాసింది. ఏడు కుదరదన్నాయి. అయినా భోజనాల బల్ల మీద చేతి తొడుగుల కొలతలు, తేదీలు, విమానాల వేళలు పరిచేసింది. టిక్కెట్లు బుక్ చేసే ట్రావెల్స్ ఆఫీసు అమ్మాయి సాయంత్రాలు వచ్చి సాయం చేసేది. మధ్యలో నేను "టోపీ చెవుల కిందికి రావాలి!" అంటే ముగ్గురూ ఉలిక్కిపడేవాళ్లు. టిక్కెట్లు రెండే అనుకున్నారు. నువ్వూ రా అని ఒక్కరూ అనలేదు. పరాయి దేశంలో పరువు తీస్తాననుకున్నారేమో. పైకి నవ్వాను గానీ నాకు చాలా బాధేసింది.

ఎనిమిదో రిసార్టు ఒప్పుకుంది, ఒక షరతు మీద. కొత్తవాళ్లు నేర్చుకునే వాలు మీద శిక్షకుడు వెనకే వస్తాడు. కింద మాత్రం ఇంటి మనిషి ఒకరు నిలబడి పిలుస్తూ ఉండాలి. తమ్ముడు ఆ గొంతు వైపుకే జారాలి. పిలిచే మనిషి పనికొస్తారో లేదో ముందే వీడియో కాల్‌లో చూపించాలట. వంద అడుగుల దూరం నుంచి, ఆరుబయట, గాలిలో.

ఆదివారం మా హోటల్ వెనక పార్కింగ్‌లో పరీక్ష పెట్టాం. ఒకవైపు గాలి, ఇంకోవైపు లాండ్రీ ఫ్యాన్ల హోరు. ట్రావెల్స్ అమ్మాయి ఫోన్ పట్టుకుని శిక్షకుడి మాటలు మాకు చెబుతోంది. మరదలు అవతలి చివర నిలబడి పిలిచింది. గాలికి సగం మాట ఎగిరిపోయింది. తమ్ముడు పది అడుగులు వేసి చెత్తడబ్బాల వైపు తిరిగాడు. రెండోసారీ అంతే. మూడోసారి గోడకు మోకాలు కొట్టుకున్నాడు.

"చెవిలో ఫోన్ పెట్టుకుంటే?" అని అడిగింది మరదలు, కళ్లనీళ్లతో.

ట్రావెల్స్ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "చెవిలో పెడితే మాట వినిపిస్తుందంట గానీ, ఎటు నుంచి వస్తుందో తెలీదంట. సారీ చెబుతున్నారండీ. ఇలా అయితే తీసుకోలేరంట."

తమ్ముడు మోకాలు తుడుచుకుని, చేయి చాచి, ఎవరి భుజమైనా దొరుకుతుందేమోనని గాలిలో వెతికాడు. ఆ చేయి చూశాక నాకు ఒళ్లు మండింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటే ఇదే. నేను గబగబా అవతలికి నడిచి, మరదల్ని పక్కకు జరిపాను.

"ఒరేయ్ చిన్నోడా! ఇటు రారా!"

నాలుగో అంతస్తులో రెండు కిటికీలు తెరుచుకున్నాయి. తమ్ముడి తల సూటిగా నా వైపు తిరిగింది.

"కుడికి! ఇంకాస్త! ఆఁ, తిన్నగా రా! నేనున్నాగా, రా!"

నడిచాడు. సగం దూరంలో అడుగు పెద్దదైంది. ఆ తరువాత, నా కళ్లతో నేను చూశాను, మా తమ్ముడు చేతులు వదిలేసి పరిగెత్తాడు. వచ్చి నన్ను గుద్దుకుని ఆగాడు. ఇద్దరం ఏడ్చాం, నాది వీధంతా వినిపించింది.

ఫోన్‌లో శిక్షకుడు పెద్దగా నవ్వుతున్నాడు. "ఆవిడ రాకపోతే మీరెవరూ రావద్దంటున్నారు," అంది ట్రావెల్స్ అమ్మాయి.

"మూడు టిక్కెట్లు," అంది మరదలు. ఆమె గొంతు అంత స్పష్టంగా వినడం అదే మొదటిసారి. "నా మనసులో మొదట్నుంచీ ఉంది వదినా. నువ్వు ఒప్పుకోవేమోనని అడగలేదు."

రెండు నెలల తరువాత ఆ వాలు కింద నిలబడ్డాను. ముక్కు కొన ఉందో లేదో తెలియని చలి. పైన తమ్ముడు ఎర్రకోటులో వేలెడంత కనిపిస్తున్నాడు. చుట్టూ నెమ్మదిగా మాట్లాడుకునే దొరలూ దొరసానులూ. వాళ్లను చూసి జంకాను. పరువు గుర్తొచ్చి, మర్యాదగా, సగం గొంతుతో పిలిచాను.

పైనుంచి వాడి కేక వచ్చింది. "అక్కా, వినపడట్లేదు! గట్టిగా!"

గట్టిగా అరవమని నన్ను అడిగినవాళ్లు అంతవరకు ఈ భూమ్మీద ఒక్కరూ లేరు. గుండెల నిండా గాలి పీల్చుకుని, ఇన్నేళ్లు మింగిన కేకలన్నీ కలిపి పిలిచాను. కొండ కొండంతా తిరిగి చూసింది. వాడు బయలుదేరాడు. వంగాడు, తడబడ్డాడు, నిలదొక్కుకున్నాడు, ఏదీ పట్టుకోకుండా, ఎవరినీ పట్టుకోకుండా, నా గొంతు వెంట సూటిగా దిగాడు. ఇద్దరం కలిసి మంచులో పడ్డాం. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

వాడు నోట్లో మంచు ఉమ్మేసి, నా కోసం చేత్తో తడిమాడు.

"అక్కా, నేను మళ్లీ పైకెళ్తున్నా. నువ్వు ఇక్కడే ఉండు. నోరు మాత్రం ముయ్యకు."