క్రిస్టీనా చున్నీ

తేజశ్రీ మంచి పిల్లే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పబుద్ధి కాదేమో. దర్శి దగ్గర మా ఊళ్లో నాగేంద్రబాబు గారి కూతురు. బొమ్మల కాలేజీలో చదివొచ్చి, వాళ్ల పాడుబడ్డ, పొగాకు ఎండబెట్టే బ్యారన్‌లో గ్యాస్ బట్టీ పెట్టుకుంది. అందరూ చక్రం మీద గిన్నెలు చేస్తే ఈ పిల్ల నూలు గుడ్డను పల్చటి పింగాణీ మట్టిలో ముంచి, గిన్నెలా మలిచి ఆరబెడుతుంది. పగిలినవే ఎక్కువ. అన్నం తినేవాళ్లు చేసే పనేనా ఇది అని నవ్వుకునేవాళ్లం.

కిందటి ఫిబ్రవరిలో మా అన్న కూతురు క్రిస్టీనా పోయింది. నాగేంద్రబాబు గారి చేలోకే మిరపకాయల కోతకు పోతుంటే ఆటో తిరగబడింది. అన్న ఎప్పుడో పోయాడు. మా వదిన సంతోషకుమారికి ఇక ఎవరూ లేరు. పిల్ల బట్టలన్నీ పెట్టెలో తనతోపాటే పంపేశాం. ఉతకాలని మూలన పడేసిన చున్నీ ఒక్కటి మిగిలింది. వదిన దాన్ని ఉతకనివ్వలేదు. ముఖం మీద కప్పుకుని పడుకునేది. అందులో పిల్ల చెమట వాసన ఉంది, మిరప ఘాటూ ఉంది. తుమ్ముతూ ఏడ్చేది.

"గుడ్డ ఎన్నాళ్లుంటుందక్కా, చివికిపోద్ది. పింగాణీ చేస్తే మన తర్వాత కూడా ఉంటుంది. మడతలూ కుట్లూ అట్టాగే కనపడతాయి. చేసి నీకే ఇస్తాను," అంది వదినను చూడ్డానికొచ్చిన తేజశ్రీ.

గోడకు సున్నం వేసినట్టు, చున్నీ లోపలుండి పైన పూత ఉంటుందనుకుని చున్నీ ఇచ్చింది వదిన. నేనూ అంతే అనుకున్నాను.

గిన్నె బ్రహ్మాండంగా వచ్చింది, పాడుది. ఎండకు పెడితే అవతల వేళ్లు కనపడేంత పల్చన. చున్నీ అంచు, కుట్టు, చిన్న చిరుగుతో సహా ఉన్నాయి. తేజశ్రీ సంతోషం పట్టలేకపోయింది.

వదిన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ పెట్టుకుంది. గోటితో లోపల గీరింది.

"చున్నీ ఏదమ్మా?"

"ఇదేనక్కా. గుడ్డ బట్టీలో కాలిపోద్ది, ఆకారం మిగులుద్ది."

"కాలిపోయిందా?"

"కాలాలక్కా. కాలితేనే..."

"మాలో కాల్చరమ్మా." వదిన అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "ప్రభువు వచ్చిననాడు లేచిద్దని నా బిడ్డను పూడ్చుకున్నాను. మిగిలినదాన్ని నువ్వు తగలేశావు."

తేజశ్రీ ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, ఏం లాభం? నాకు జాలీ వేసింది, చెంప పగలగొట్టాలనీ అనిపించింది.

వదిన గిన్నెను కొంగులో చుట్టుకుని తిన్నగా సమాధుల తోటకు నడిచింది. క్రిస్టీనా పక్కన చేతులతోనే నల్లమట్టి తవ్వసాగింది. చూడలేక నేనూ కూర్చుని తవ్వాను. వెనకే వచ్చిన తేజశ్రీ లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడింది.

"బరువుకు పగిలిపోద్దక్కా, మెల్లగా," అంటోంది.

వదిన గిన్నెను గుంటలో పెట్టి మట్టి తోసింది. లోపల టప్పుమంది. ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత గుంట పూడ్చేసి, మీద అరచేత్తో అదిమింది.

"ప్రార్థన చెయ్యి రెబెకా."

"ఏమని చెయ్యను వదినా?"

"దీన్ని కూడా లేపమను."