వేసవి పేజీలో నాలుగో గడి

మా వారపత్రికలో ఎండాకాలం పేజీ నాది. అందులో నాలుగు గడులు. చదవడానికి ఓ పుస్తకం, చూడడానికి ఓ సినిమా, చల్లగా చేసుకోవడానికి ఓ వంట, నవ్వుకోవడానికి నాయకుల మీద ఓ జోకు. నాకు పేరు తెచ్చింది ఆ నాలుగో గడే. నా కొంప ముంచిందీ అదే.

నాలుగేళ్ల కిందట అందులో ఇలా రాశాను: "ఎండ తగ్గిస్తానన్న నాయకుడు మాట నిలబెట్టుకున్నాడు, సాయంత్రం ఆరింటికి. ఆ సంతోషంలో మా బావగారు మిఠాయి పంచారు."

మా అక్క భర్త రవాణా ఆఫీసులో గుమాస్తా. ఆ నాయకుణ్ణి ఒక్క మాటన్నా ఓర్చుకోలేరు. నెల్లాళ్లపాటు ఆఫీసులో కనబడ్డవాడల్లా "మిఠాయి ఏదండీ?" అని చెయ్యి చాచాడట. దాంతో మా రెండిళ్ల మధ్యా రాకపోకలు తెగిపోయాయి. తప్పు నాదే. అచ్చులో ఒక్క క్షమాపణ వేస్తే పోయేది, అహం అడ్డొచ్చింది. రెండుసార్లు ఫోన్ చేస్తే రెండుసార్లూ బావగారే తీసి, "ఇంట్లో లేదు" అని పెట్టేశారు.

అప్పుడు నాకో దొంగ ఉపాయం తట్టింది. పక్కింటి కూరలో ఉప్పు తక్కువైనా మా అక్క ఊరుకోలేదు. అందుకని ఏటా ఒక వారం వంట గడిలో అక్క చేసే వంటే రాసి, కావాలని ఒక తప్పు పెట్టేదాన్ని. పుచ్చకాయ ముక్కలకి ముందే ఉప్పు చల్లమన్నాను. పెరుగు పోశాక పెద్ద మంట పెట్టమన్నాను. పుదీనాని అరగంట ఉడికించమన్నాను. పాఠకులు తిట్టని తిట్టు లేదు. అక్క మాత్రం ఉలకలేదు, పలకలేదు.

పుస్తకమూ సినిమా కూడా అక్క కోసమే. చిన్నప్పుడు సెలవుల్లో చల్లటి గచ్చు మీద బోర్లా పడుకుని ఇద్దరం ఒకే నవల చదివేవాళ్లం. అట్ట ఊడి రెండు ముక్కలైన పుస్తకం. మొదటి సగం అక్కకి, రెండో సగం నాకు. నాకు ముందు ముగింపు తెలిసేది, ఆ మనుషులెవరో తర్వాత తెలిసేది. మధ్యాహ్నం ఆటకి వెళ్తే హాలు చల్లదనానికి విశ్రాంతి కాకముందే నిద్రపోయేదాన్ని. ఇంటికి నడుస్తూ అక్క మిగతా కథ చెప్పేది. పెద్దయ్యాక ఆ సినిమాలు మళ్లీ చూస్తే అక్క చెప్పింది ఒక్కటీ అందులో లేదు. అక్క చెప్పిన కథలే బాగుండేవి.

ఈ ఏడు నిమ్మ షర్బత్ రాశాను. తొక్కల్ని పాకంలో తెల్లారేదాకా నానబెట్టమన్నాను. ఇంతకన్నా ఘోరం నా చేత కాదు. వారం గడిచింది. వచ్చిన ఉత్తరాలన్నీ తిట్లే, అక్క రాత ఒక్కదాని మీదా లేదు. ఇక అక్క నాకు లేదనుకున్నాను. ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో కిటికీకి తడిపిన తెర వేలాడుతోంది. ఫ్యాను గాలికి వచ్చే వారం పేజీ ప్రూఫు కాగితం లేచి పడుతోంది. మూడు గడులు నిండాయి, నాలుగోది ఖాళీ. ఆ గొడవయ్యాక కొత్త జోకు ఒక్కటీ రాయలేదు, పాత జోకులతోనే నెట్టుకొస్తున్నాను. ఆ కాగితం మీదే తల వాల్చాను. గచ్చు చల్లదనం తగిలింది. ఎక్కడో అక్క పేజీ తిప్పింది. నిమ్మకాయల వాసన వచ్చింది.

కళ్లు తెరిస్తే ఎదురుగా బావగారు, చేతిలో లావుపాటి కవరు. కలేననుకుని మళ్లీ కళ్లు మూసుకున్నాను.

"లేవమ్మా, నిజంగా నేనే" అన్నారాయన.

కవరులో నా వంటల కత్తిరింపులు మూడు. ఒక్కోదాని మీద ఎర్ర పెన్సిల్‌తో అక్క దిద్దుబాట్లు. ఒక్కోదాని కింద ఒకే మాట: "ఒకసారి రావే."

"ఏటా పోస్టు చెయ్యమని మీ అక్క నాకే ఇచ్చేది. నేను సొరుగులో పడేశాను. చింపేద్దామంటే చెయ్యి రాలేదు. నువ్వు జవాబివ్వడం లేదనుకుని లోపల్లోపల కుమిలిపోయింది. నిన్న నాలుగోది పెట్టడానికి కవరు వెతుకుతూ సొరుగు తీసి ఇవన్నీ చూసింది" అన్నారు. "నిన్న రాత్రంతా నాతో మాట్లాడలేదు."

ఒళ్లు మండిపోయింది. మూడేళ్లు! అరవబోయాను. ఆయన కళ్లు చూశాక కోపం దిగిపోయింది.

"మిఠాయి సంగతి నేను రాయకుండా ఉండాల్సింది, బావగారూ" అన్నాను. అంత చిన్న మాటకి ఇన్నాళ్లు పట్టింది.

ఆయన నా పెన్ను తీసుకుని, ఖాళీ గడిలో గుమాస్తా దస్తూరీతో గుండ్రంగా రాశారు: "ఎండ తగ్గించడానికి మా నాయకుడు సాయంత్రం దాకా ఆగాడు. ఉత్తరం పోస్టు చెయ్యడానికి మా బావగారు మూడేళ్లు ఆగారు. ఎవరు ఘనులో పాఠకులే తేల్చాలి."

నవ్వాను. నవ్వుతుంటే కన్నీళ్లు ప్రూఫు మీద పడ్డాయి.

"అక్క ఏదీ?"

"కింద మెట్ల దగ్గరుంది. తను పెద్దదట, ఎక్కి రాదట."

మెట్లు రెండేసి దిగాను. అక్క గోడ నీడన నిలబడి ఉంది, జుట్టు సగం నెరిసింది. చేతిలో షర్బత్ సీసా.

"బుద్ధుందటే నీకు? తొక్కలు తెల్లారేదాకా నానబెడతారా ఎవరైనా?"

"నానబెట్టకూడదని నాకూ తెలుసక్కా."

"తెలిసే రాశావా? ఎందుకే?"

"దిద్దడానికి నువ్వొస్తావని."

అక్క సీసా మూత తీసి, ముందు నాకే ఇచ్చింది.