ఎగరని కుర్చీ

నేను ఒక బాంబరు విమానాన్ని. భయపడకండి. ఇప్పుడు నా కడుపులో రెండు పిచ్చుక గూళ్ళు, ఎవరో పిల్ల విసిరి పోగొట్టుకున్న రబ్బరు బంతి తప్ప ఏమీ లేవు. ఒక పార్కులో, సిమెంటు దిమ్మె మీద, గాలికి ముఖం పెట్టి నిలబడి ఉంటాను. సాయంత్రమైతే కొత్తగా పెళ్ళయిన జంటలు నా రెక్క నీడలో చేరి ఒకే పొట్లంలో వేరుశనక్కాయలు తింటారు. వాళ్ళు మాట్లాడుకునే వాటిలో సగం మాటలకు అర్థం ఉండదు. నాకు ఆ సగమే ఎక్కువ ఇష్టం.

నేను పుట్టింది ఇంగ్లండులో, ఎప్పుడూ సన్నగా వాన పడుతూ ఉండే ఒక నేతమిల్లుల ఊళ్ళో. మన మగ్గాల నోట మట్టి కొట్టిన మిల్లులు అలాంటి ఊళ్ళలోనే ఉండేవట. నూలు దారాలు అతికిన వేళ్ళే నా రేకులకు రివెట్లు కొట్టాయి. నాకు కాన్‌బెర్రా అని పేరు పెట్టారు. అది ఎక్కడో ఆస్ట్రేలియాలో ఉన్న ఊరు పేరు. పుట్టింది ఒక దేశం, పేరు ఇంకో దేశానిది, కాపురం చేసింది మూడో దేశంలో. ఆడపిల్లల సంగతి నాకు బాగా అర్థమవుతుంది.

మా వంశం చిన్నదేమీ కాదు. మా ముత్తవ్వలను కర్రతో, గుడ్డతో, తీగలతో చేశారు. పైలట్ తల బయట పెట్టుకుని గాలిలో తడుముకుంటూ వెళుతుంటే, వెనక కూర్చున్నవాడు బాంబును చేత్తో ఎత్తి, గోడ అవతలికి ఎంగిలి విస్తరి పారేసినట్టు పారేసేవాడట. తర్వాతి తరంలో మా అమ్మమ్మలు. నాలుగేసి ఇంజన్లు, ఏడుగురేసి మనుషులు. హిట్లర్ యుద్ధంలో నల్లరంగు పూసుకుని వెళ్ళారు. చాలామంది తిరిగి రాలేదు. వాళ్ళు దాటి వెళ్ళిన ఊళ్ళలోనూ చాలామంది తెల్లవారి లేవలేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. ఇక మా పెదనాన్న బిడ్డలు తెల్లగా, త్రికోణంగా, దొరసానుల్లా ఉండేవారు. లోకాన్ని ఒక్కసారే కాల్చే బాంబు కోసం పుట్టి, ఆ పిలుపు రాకుండానే ముసలివాళ్ళయిపోయారు. అంత ఎదురుచూపు వృథా కావడం కన్నా మంచి కబురు నేను వినలేదు.

ఈ కథలన్నీ నాకు చెప్పింది వాల్టర్ అనే ముసలి ఫిట్టరు. బ్రిటిష్ వైమానిక దళంలో నా మొదటి సంరక్షకుడు. కుర్రతనంలో మా అమ్మమ్మలకు నూనె పోసి, వాళ్ళు నిలబడే ఖాళీ చోటు దగ్గర తెల్లవార్లూ కాపు కాసినవాడు. పైలట్లు నన్ను ఎక్కబోతుంటే అడ్డంగా నిలబడి, "ఇది నా విమానం. మీకు సాయంత్రం దాకా అరువిస్తున్నానంతే. గీత పడకుండా తెచ్చివ్వండి" అనేవాడు. పైలట్లు టోపీ తీసి "సరే వాల్టర్" అనేవారు. మనుషులు చిత్రమైనవాళ్ళు. నా ముక్కును పసిపిల్ల ముఖంలా తుడుస్తారు, అదే చేత్తో కడుపులో బాంబులు కుక్కుతారు. రెండు పనులూ ఒకే శ్రద్ధతో చేస్తారు.

కొన్నేళ్ళకు నన్ను ఇండియాకు అమ్మేశారు. సముద్రాలూ ఎడారులూ దాటి యమున ఒడ్డున ఉన్న ఒక ఎయిర్‌బేస్‌లో దిగాను. ఆకాశం ఇంత పెద్దదని అప్పటిదాకా నాకు తెలియదు. పొద్దున పైకి లేస్తే కింద నది జరీ అంచులా మెరిసేది. పొగమంచులో దూరంగా ఒక తెల్ల గుమ్మటం, పాలగిన్నె బోర్లించినట్టు కనిపించేది. నా ఇంజన్లు మేలుకోవాలంటే మందుగుండు గొట్టాలు పేల్చాలి. ఢామ్మని చప్పుడు, నల్లటి పొగ. రోజూ దీపావళే నాకు.

అక్కడే నాకు ఆ ఇద్దరూ దొరికారు. పైలట్ స్క్వాడ్రన్ లీడర్ రఘోత్తమరెడ్డి, నల్లగొండ మనిషి, పొడుగరి, మీసం కింద నవ్వు దాచుకునే రకం. దారి చూపే నావిగేటరు తవిటినాయుడు, బొబ్బిలి దగ్గరి కుర్రాడు. నాయుడికి కొత్తగా పెళ్ళయింది. పెళ్ళికూతురు వరహాలు. నాకు ఆమె ముఖం తెలియకముందే ఆమె చేతి చెకోడీల వాసన తెలుసు. నాయుడి జేబులో రోజూ కొన్ని ఉండేవి. మేము క్వార్టర్ల మీదుగా వెళ్ళేటప్పుడు డాబా మీద ఒక పసుపు చీర కొంగు ఊగేది. రెడ్డి ఏమీ ఎరగనట్టు నా ఎడమ రెక్కను కొంచెం వంచేవాడు.

"ఎందుకు సార్ వంచినారు?" అనేవాడు నాయుడు సిగ్గుపడుతూ.

"గాలి గట్లున్నది నాయుడూ. నేనేం జేస్తా?"

ఇక్కడ నా శరీరంలోని ఒక అన్యాయం గురించి చెప్పాలి. ప్రమాదం వస్తే పైలట్ పిడి లాగగానే అతని కుర్చీ నిప్పులు చిమ్ముతూ పైకి ఎగిరి, గొడుగు విప్పి అతన్ని నేల మీద దించుతుంది. పక్కన, కాస్త కిందగా కూర్చునే నావిగేటరుకు ఆ కుర్చీ లేదు. అతను పారాషూట్ రొమ్ముకు తగిలించుకుని, పాక్కుంటూ వెళ్ళి, తలుపు తీసి దూకాలి. నన్ను గీసినవాళ్ళకు చోటు సరిపోలేదట. "నాకు సింహాసనం, నీకు పీట" అని రెడ్డి ఎక్కినప్పుడల్లా హాస్యమాడేవాడు. హాస్యమాడాక ఒక క్షణం పక్కకు చూసేవాడు. ఆ చూపు హాస్యం కాదు.

ఒక చలికాలం పొద్దున ఇసుక మైదానంలో ఉత్తుత్తి బాంబులు వేసి తిరిగి వస్తున్నాము. కింద ఆవచేలు పసుపు దుప్పట్లలా పరిచి ఉన్నాయి. నాయుడు నా ముక్కులోని అద్దాల గూట్లో బోర్లా పడుకుని, దారి చూడడం మానేసి పూలు చూస్తున్నాడు. ఒక పెద్ద గద్ద ఎదురొచ్చింది. పాపం, ఆకాశం దానిది. అది వచ్చి నా ముక్కును ఢీకొంది. అద్దం పగిలి, ఇనుప చట్రం వంగి నాయుడి కుడి చేతి మీద పడింది. చక్రాలను దించే నూనె గొట్టం ఒకటి తెగి, రెడ్డి ముందరి అద్దమంతా నూనె పులుముకుపోయింది.

నాయుడు ఎలాగో తన పీట మీదికి పాకి వచ్చాడు. రెడ్డి చక్రాలు దించి చూశాడు. కుడిది దిగింది, ముందుది దిగింది. ఎడమది రాలేదు. చేతిపంపు కొట్టినా రాలేదు. విమానం వదిలేసి ఇద్దరూ దూకెయ్యండని టవర్ నుంచి ఆజ్ఞ వచ్చింది.

"నాయుడూ, గొడుగు తగిలించుకుంటవా?"

"సెయ్యి లేవట్లేదు సార్. ఎముక ఇరిగినట్టున్నాది. మీరు ఎలిపోండి."

"యాడికి పోవాలె?"

"పైకి సార్. కుర్చీ లాగండి. మీకు పిల్లలున్నారు."

"నీకు లేరా?"

"పెళ్ళై నెల్లాళ్ళు కాలేదు, నాకు పిల్లలేటి సార్?"

"మరి గదే. గా పని మిగిలే ఉన్నది గద నీకు."

"నవ్వించకండి సార్, సెయ్యి నొప్పెడతాది." నాయుడు విరిగిన చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు. "ఓపక్క చక్రం లేకుండా దిగితే ఇద్దరం పోతాం. నా కోసం మీరు ఆగిపోనక్కర్లేదు. ఎల్లకపోతే ఇదిగో, గొడుగు లేకపోయినా తలుపు తీసి దూకెత్తాను. అప్పుడైనా ఎల్తారు కదా."

అన్నంత పనీ చేసేవాడు. ఎడమచేత్తో బెల్టు విప్పుకోవడం నేను చూశాను. రెడ్డికి ఆలోచించే వ్యవధి లేదు.

"నా కుర్చీ చెడిపోయింది నాయుడూ. పిడి లాగిన, కదులుతలేదు. నువ్వు దూకినా నేను పోలేను. కూసో."

నాయుడి చెయ్యి ఆగిపోయింది. "నిజంగానా సార్?"

"అబద్ధమైతే గిప్పటికి మబ్బుల్ల ఉందును. నాకు ముందు ఏం కనిపిస్తలేదు, పక్క అద్దంల నుంచి నేల చూసుకోవాలె. ఎత్తు, వేగం చదువు. నీ కండ్లతోనే దిగాలె."

పిడిని అతను ముట్టుకోనైనా లేదు. నాకు తెలుసు, అది నా ఒంట్లోదే కదా. నేల మీద ఉన్నప్పుడు కుర్చీ పొరపాటున పేలకుండా దానికి ఎర్ర రిబ్బను కట్టిన ఒక పిన్ను గుచ్చి ఉంచుతారు. ఎగిరే ముందు తీసి పక్కన పెడతారు. రెడ్డి ఆ పిన్ను తీసి, కింద కూర్చున్న నాయుడికి కనబడకుండా మళ్ళీ దాని కన్నంలో గుచ్చాడు. పిన్ను ఉంటే కుర్చీ కదలదు. అబద్ధం ఆడడం చేతకాని మనిషి, ఆడిన అబద్ధాన్ని ఆ విధంగా నిజం చేసుకున్నాడు.

నాయుడు బెల్టు బిగించుకుని చదవసాగాడు. అంకెలు ఒకదాని వెంట ఒకటి, జోలపాటలా. నేల నెమ్మదిగా పైకి వచ్చింది. కుడి చక్రం తాకింది. ఎడమ రెక్కను ఎత్తిపట్టడానికి రెడ్డి ఎంత తంటాలు పడ్డాడో, నేనూ అంతే పడ్డాను. గాలి నా రెక్క కింద ఉన్నంతసేపూ దాన్ని వదల్లేదు. ఇక గాలి మిగల్లేదు. రెక్క నేలకు ఒరిగింది, లోపల ఏదో ఎముక లాంటిది విరిగింది, నేను గిర్రున తిరిగి ఆవచేలో ఆగాను. పసుపు పూలరేకులు నా మీద అక్షింతల్లా రాలాయి.

నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఇద్దరూ ఒకేసారి ఒకరినొకరు పిలుచుకున్నారు. ఇద్దరూ ఒకేసారి పలికారు.

బండ్లు పరుగెత్తుకొచ్చాయి. కుర్చీకి పిన్ను గుచ్చుదామని ఎక్కిన ఫిట్టరు, అది అప్పటికే గుచ్చి ఉండడం చూసి రెడ్డి ముఖంలోకి చూశాడు. రెడ్డి పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. కింద స్ట్రెచర్ మీద నాయుడు తిడుతున్నాడు: "ఆ దిక్కుమాలిన కుర్చీ సంగతి సూడండి బాబూ! అవసరానికి మొరాయించింది. మా సార్ పానం తీసీసేది!"

నా రెక్క మూలం విరిగింది కనుక మళ్ళీ ఎగరనని తేల్చేశారు. హాంగరు షెడ్డులో ఓ మూలకు తోశారు. చేతికి కట్టుతో నాయుడు, వెనకే వరహాలు, ఆమెకు నిచ్చెన పట్టుకోవడానికి రెడ్డి వచ్చారు. అప్పుడు మొదటిసారి ఆమె ముఖం చూశాను. ఎక్కి, కుర్చీకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి దండం పెట్టింది.

"దీనికి పూజలేటే? పనికిమాలిన కుర్చీ" అన్నాడు నాయుడు కింద నుంచి. అని, నా పగిలిన ముక్కు చూడడానికి అటు నడిచాడు.

వరహాలు నిచ్చెన దిగుతూ గొంతు తగ్గించింది. "అన్నయ్యగారూ, కుర్చీకి ఏటీ అవలేదంట కదా. ఫిట్టరుగారి ఆవిడ కుళాయి కాడ సెప్పీసినారు."

రెడ్డి మీసం కదిలింది.

"ఆయనకి సెప్పన్లెండి. తెలిస్తే జన్మంతా సిన్నబోయి కూకుంటారు. ఆ కుర్చీని తిట్టుకుంటా బతకనీండి."

"మరి ఎరుకయ్యి గూడ బొట్టెందుకు పెట్టినవ్ చెల్లె?"

"ఎగరడానికే పుట్టింది, ఎగరకుండా కూకున్నాది. అది తక్కువ పనా?" అని, వేళ్ళకు మిగిలిన కుంకుమతో వంగి అతని బూట్లకు దండం పెట్టింది. రెడ్డి బెదిరిపోయి రెండడుగులు వెనక్కి వేశాడు. గద్దకు బెదరని మనిషి.

తర్వాత నన్ను ఈ పార్కుకు తెచ్చి రంగు వేసి నిలబెట్టారు. ముందు ఒక రాతి పలక పెట్టారు. ఎంత ఎత్తు ఎగిరానో, ఎంత బరువు బాంబులు మోశానో దాని మీద చెక్కారు. జంటలు వేరుశనక్కాయలు నములుతూ అది చదివి "అమ్మో" అనుకుంటాయి. నేను మోసిన ఒక అబద్ధం గురించి మాత్రం అందులో లేదు. నా కడుపున మోసినవన్నీ కింద ఎవరికో ఒకరికి కీడు చేయడానికి చేసినవే. ఎవరికీ ఏ హానీ చేయనిది అదొక్కటే. దాన్ని మాత్రం నేను ఎక్కడా వదిలిపెట్టలేదు.