చెవికి ఆనించిన పేచ్‌కస్

మడ్‌గార్డు లోపల ఎడమచేత్తో ఇనుపదిమ్మె ఆనించి, పైనుంచి సుత్తితో కొడుతున్నాడు పేతురు. కొట్టిన చోట అరచేత్తో తడుముతాడు, మళ్లీ కొడతాడు. కంటికి ఆనని సొట్ట చేతికి దొరుకుతుంది. ఒంట్లో అతను నమ్మేవి ఇక ఆ చేతులే. చిన్నప్పటి నుంచి రేకుల మధ్య తలపెట్టి పనిచేసినందుకు చెవులు ఎప్పుడో పోయాయి. ఎదుటివాళ్లు అరిస్తే సగం వినిపిస్తుంది. మిగతా సగం పెదాలు చూసి ఊహించుకుంటాడు.

మంథని నుంచి పెద్దపల్లి పోయే రోడ్డు పక్కన అతని షెడ్డు. లోపల ఉన్నది లక్ష్మణ్‌రావు దొర అంబాసిడర్. దొర పోయాక కొడుకు సంతోష్‌రావు దాన్ని పశువుల కొట్టంలోంచి ఈడ్పించి ఇక్కడికి పంపాడు. వచ్చిన రోజు కింది రేకును వేలితో పొడిస్తే అప్పడంలా విరిగింది. డిక్కీలో కోడి పొదిగిన గడ్డి. "పైన మంచిగ మెరవాలె పేతురూ" అన్నాడు సంతోష్‌రావు. అంతే అన్నాడు.

ఇంజన్ సంగతి ఎవరూ అడగలేదు. అడగకుండానే మొదలుపెట్టించింది పేతురు తండ్రి బెంజమిన్. ఆ కారును ముప్పై ఏళ్లు నడిపినవాడు. సోమవారం సోమవారం దొరసానిని వేములవాడ తీసుకుపోయి, దర్శనం అయ్యేదాకా బయట స్టీరింగు తుడుస్తూ కూర్చున్నవాడు. ఇప్పుడు కాళ్లలో సత్తువ లేదు. కారులోంచి విప్పిన ముందు సీటును ఇటుకల మీద పెడితే రోజంతా దాని మీదే ఉంటాడు. అదీ కుడివైపే, డ్రైవరు చోట. చెవులు మాత్రం పాము చెవులు. ఆయన చెవులు, కొడుకు చేతులు కలిపితే ఒక మెకానిక్.

"ఎవలు చెయ్యమన్నరే బాపూ నిన్ను గీ ఇంజన్?" అని పేతురు రోజూ విసుక్కుంటాడు.

"నడువకపోతె అది బండి ఎట్లయితదిరా? పీనుగకు పౌడర్ రాసినట్టుంటది" అని బెంజమిన్ రోజూ అంటాడు. "ఒక్కసారి గోదారి దాక నేను నడుపుకుంట పోత. నువ్వు ఎనుక సీట్ల కూసో, దొర లెక్క."

"కాళ్లు లేవు గద, బ్రేకు ఎవలు తొక్కుతరు?"

"నువ్వు గట్టిగ ఒర్రు. భయానికి అదే ఆగుతది."

పేతురుకు నవ్వు రాలేదు. సుత్తి కింద ఉన్న ఈ మడ్‌గార్డే ఒకనాడు సుల్తానాబాద్ దగ్గర బర్రెకు తగిలి నలిగింది. బాగుచేయించడానికి కరీంనగర్ పోతూ, ఏడో తరగతి చదివే కొడుకుకు పట్నం చూపిస్తానని వెంట తీసుకుపోయాడు బెంజమిన్. అక్కడ మేస్త్రీ వేసిన అతుకు ఆయనకు తెగ నచ్చింది. మంచి పని అనుకున్నాడు. వారానికి కారు తిరిగి వెళ్లింది. పేతురు బడి మాని ఆ మేస్త్రీ దగ్గరే పనికి ఉండిపోయాడు.

మొన్న రంగు గీకితే ఆ అతుకు బయటపడింది. ఇంకా గట్టిగానే ఉంది. అయినా తండ్రి చూస్తుండగానే పేతురు దాన్ని కోసి పారేసి కొత్త రేకు వేశాడు. ముసలాయన తల తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం ఇంజన్ స్టార్ట్ చేశారు. బెంజమిన్‌ను సీటుతో సహా జరిపాడు పేతురు. ముసలాయన మరలు తిప్పే పొడుగాటి పేచ్‌కస్ కొనను ఇంజన్‌కు ఆనించి, దాని చెక్కపిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"మూడో సిలిండర్ల కొట్టుకుంటుంది. జర బిగియ్యి."

పేతురు బిగించాడు.

"ఇంకింత. ఆఁ... ఆగు. గిప్పుడు సూడు, పెండ్లిపిల్ల నడిసినట్టు లేదూ?"

పేతురుకు ఏమీ వినపడలేదు. మడ్‌గార్డు మీద పెట్టిన అరచేతిలో మాత్రం సన్నని వణుకు, బతికిన జంతువును తాకినట్టు. తండ్రి పెదాలను చూసి తల ఊపాడు. రేపు పొద్దున గోదావరికి పోదామనుకున్నారు. క్లచ్, బ్రేకు పేతురు పక్కనుంచి తొక్కాలి. అది ఎలా కుదురుతుందో ఇద్దరికీ తెలియదు.

సాయంత్రం సంతోష్‌రావు వచ్చాడు. కారు చుట్టూ తిరిగి ఫోన్‌తో ఫోటోలు తీశాడు.

"బాగ చేసినవ్ పేతురూ. పొద్దున లారీ, క్రేన్ వస్తయ్. మన ఫంక్షన్ హాల్ స్లాబ్ మీదికి ఎక్కిస్తున్నం. పెండ్లోళ్లు ఫోటోలు దిగుతరు. రాత్రికి ఇంజన్ తీసెయ్యి, బరువు తగ్గాలె."

బెంజమిన్ సీటు అంచు పట్టుకుని ముందుకు వంగాడు. "దొరా, ఇంజన్ నడుస్తుంది."

"నడిస్తె మాత్రం స్లాబ్ మీద ఏడికి పోతది తాతా?" సంతోష్‌రావు నవ్వాడు. మంచి మనిషే. నవ్వుతూనే ముసలాయన భుజం తట్టాడు. "నీకే మొదలు ఫోటో తీపిస్త, సరేనా?"

బెంజమిన్ వెనక్కి వాలి పేచ్‌కస్‌ను చేతిలోకి తీసుకున్నాడు. ఎవరూ అడగని పని అది.

పేతురు ఇంజన్ విప్పాడు. ఒక్కో బోల్టూ కసిగా తిప్పాడు. చైన్ కప్పీకి కట్టి పైకి లాగి, పాత టైర్ల మీద దించాడు. ఇంకా వెచ్చగానే ఉంది. చేతులు తుడుచుకుని వెనక్కి తిరిగాడు.

"బాపూ, జర లేవు. సీటు బిగియ్యాలె."

బెంజమిన్ కుడివైపే కూర్చుని ఉన్నాడు. పేచ్‌కస్ పిడి చెవి దగ్గరే ఉంది. కొన ఎక్కడా ఆనలేదు. ఏదో జవాబు చెప్పాడేమో, తనకే వినపడలేదేమో అనుకున్నాడు పేతురు. దగ్గరికి వెళ్లి వంగి పెదాలను చూశాడు. చాలాసేపు చూశాడు.

లారీ ఒక రోజు ఆగి వచ్చింది, సంతోష్‌రావు ఆ మర్యాద చేశాడు. తండ్రిని పూడ్చి మిషన్ శ్మశానం నుంచి తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని, సీటు బిగించి కారును అప్పగించాడు పేతురు. అది ఎండకు మెరుస్తూ పోయింది.

షెడ్డులో టైర్ల మీద ఇంజన్ మిగిలింది. దాని మీద పొడుగాటి పేచ్‌కస్. చెక్కపిడికి ఒక్క పక్కనే రంగు పోయింది. చెవి ఆనిన పక్క నున్నగా, నల్లగా, కొంచెం లోపలికి అరిగి ఉంది.