నీళ్ళు ఎవరు పోస్తారు?

ఆ బడిలో పంతుళ్ళు అయిదుగురు. అందరూ రెండు పూటలా వేడన్నం తినేవాళ్ళే గానీ, పొయ్యి రాజేసి ఎరిగినవాడు ఒక్కడూ లేడు. ఆ పనికి ఇళ్ళలో ఆడవాళ్ళు ఉన్నారు. అందుకని, పిల్లలకు ఆరుబయట మంట వేసి వండుకోవడం నేర్పాలని హైదరాబాదు నుంచి ఉత్తర్వు రాగానే నిజామాబాదు హెడ్మాస్టరు ఈ అయిదుగురినే ఎంపిక చేశాడు. వేరే పంతుళ్ళు లేరు కూడా.

ఉత్తర్వుతో పాటు ఉర్దూలో ఒక చిన్న పుస్తకం, ఒక విజిల్ వచ్చాయి. పుస్తకంలో ఏడు నియమాలు ఉన్నాయి. ముందు పంతుళ్ళు నేర్చుకోవాలి, తర్వాత పిల్లలకు నేర్పాలి. పంతుళ్ళలో బాగా చేసినవాడికి విజిల్ ఇచ్చి స్కౌటు దళానికి నాయకుణ్ణి చేస్తారు.

మార్కండేయ పంతులు ఆ విజిల్ మీద మనసు పడ్డాడు. ఇంట్లో తల్లి భూమవ్వ చెప్పింది వింటాడు, బడిలో హెడ్మాస్టరు చెప్పింది వింటాడు. తాను ఊదితే నలుగురు ఆగే వస్తువు ఒకటి మెడలో ఉంటే బాగుండునని నలభై ఏళ్ళు దాటాక అనిపించింది. కనుక స్థలం తానే చూస్తానని ముందుకొచ్చాడు. వాళ్ళింటికి ఏటా బెల్లం ఇచ్చే దేవవ్వకు బోధన్ దారిలో మూడెకరాల చెరుకు ఉంది. చెరుకు పక్కన ఖాళీ జాగా, ఆ పక్కనే నిండుగా పారే కాలువ.

దేవవ్వ మొగుడు పోయి ఆరేళ్ళయింది. గానుగ దగ్గర ఆమె వంతు ఇంకో వారంలో ఉంది.

"నా చెరుకు పక్కపొంటి మంట వెడ్తరా?" అంది. "ఎండాకు ఎట్లున్నదో సూసినవా పంతులూ? గీ మూడెకరాలు కాలితే నాకు ఇంకేం లేదు. నీ పుస్తకం వచ్చి నాకు బువ్వ వెడ్తదా?"

"చిన్న మంటనే అవ్వా. కిచిడీ కోసం. ఆర్పేదాక నేను కదల. మాటిస్తున్న."

"మాట నాకెందుకు? నా కండ్ల ముంగట నీళ్ళు వోసి ఆర్పాలె. ఆ బూడిదల నీ చెయ్యి వెట్టి సూపియ్యాలె. లేకుంటే మీ బండి ఈడికెల్లి కదలనియ్య."

మార్కండేయ ఆశ్చర్యపోయాడు. పుస్తకంలో ఏడో నియమం అక్షరాలా అదే. దేవవ్వకు ఉర్దూ రాదు.

నైజాం సర్కారు బడికి సెలవు శుక్రవారం కాబట్టి, ఆ మాఘమాసపు శుక్రవారం పొద్దున అయిదుగురూ ఎడ్లబండిలో దిగారు. అయిదు గొడుగులు, నాలుగు పచ్చళ్ళు, మూడు దిండ్లు కూడా దిగాయి. దేవవ్వ గట్టు మీద కూర్చుంది. మంచినీళ్ళు కావాలా అని అడగలేదు.

పుస్తకం చదివే పని దేవిదాస్ పంతులు తీసుకున్నాడు. పెద్ద గొంతుతో చదివితే పని సగం అయినట్టేనని ఆయన నమ్మకం. హెడ్మాస్టరుకు కూడా ఆయన మీద అదే నమ్మకం.

"మంట చుట్టూ పదడుగుల మేర ఆకూ అలమూ శుభ్రంగా ఊడ్వవలెను," అని చదివాడు.

ఊడవడం అనగానే అయిదుగురూ దేవవ్వ వైపు చూశారు. దేవవ్వ చెరుకు వైపు చూసింది. చివరికి చెప్పులతో నాలుగడుగుల మేర గీకి, పది అని నిర్ణయించారు.

తర్వాత గాలి వాటం చూడాలి. వేలు తడిపి పైకెత్తితే అయిదుగురికీ అయిదు దిక్కులు తేలాయి. కాసేపు వాదించుకుని దేవిదాస్ చెప్పిన దిక్కు ఖాయం చేశారు. గాలి మాత్రం చెరుకు వైపే వీచింది.

పంతొమ్మిది అగ్గిపుల్లలు అయిపోయాయి. "సదువుడేనా, ముట్టిచ్చుడు లేదా?" అని మార్కండేయ అడిగాడు.

"నీకు విజిల్ మీద ఆశ ఉంటే నువ్వే ముట్టియ్యి. నాకు ఆశ లేదు, నాకు ఎట్లయిన వస్తది," అన్నాడు దేవిదాస్.

రాజమల్లు పంతులు బండిలోని కందిలి విప్పి గ్యాసునూనె కుమ్మరించాడు. పుస్తకంలో అది లేదు, కానీ మంట వచ్చింది. ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. కిచిడీ అడుగున మాడింది, పైన ఉడకలేదు. ఇంట్లో అయితే ఆ కిచిడీకి కంచం విసిరేవాళ్ళే. ఇక్కడ రెండోసారి వడ్డించుకుని, ఆడవాళ్ళకు ఈ రుచి ఎప్పుడు తెలుస్తుందోనని బాధపడ్డారు.

తిన్న విస్తరాకులు తీశాక దేవిదాస్ ఏడో నియమం తెరిచాడు. ఈసారి లోపల్లోపలే చదువుకుని పుస్తకం మూశాడు.

"పైకి సదువు," అన్నాడు మార్కండేయ.

"ఇయ్యాల శుక్రారం."

అందరికీ అర్థమైంది. శుక్రవారం పూట పక్కింటికి నిప్పు కూడా ఇవ్వరు, లక్ష్మి దాటిపోతుందని. అలాంటిది మండే నిప్పు మీద నీళ్ళు పోస్తారా? లెక్కల పంతులు బిడ్డకు సంబంధం కుదిరింది, ఆయన పోయడు. డ్రాయింగు పంతులు కొత్త ఇంటికి పునాది తీశాడు, ఆయనా పోయడు. రాజమల్లుకు ఏ కారణమూ దొరకలేదు, అయినా పోయనన్నాడు.

"మార్కండేయా, మాటిచ్చింది నువ్వు," అన్నాడు దేవిదాస్.

మార్కండేయ భార్య రాధాబాయికి ఆరో నెల. నిప్పుల దగ్గర జాగ్రత్తరా అని భూమవ్వ బండి దాకా వచ్చి చెప్పి పంపింది. అతను కాలువ వైపు చూశాడు గానీ అటు అడుగు వేయలేదు.

"దానంతట అదే కొండెక్కుతది. పోదాం పాండ్రి," అన్నాడు రాజమల్లు.

"ఎక్కనియ్యి. అందాక గీడనే కూసోండ్రి," అంది దేవవ్వ గట్టు మీద నుంచి.

గాలి పెరిగింది. బూడిద లేచి నిప్పులు ఎర్రబడ్డాయి. అప్పుడు దేవిదాస్‌కు ఒక ఆలోచన తట్టింది. గొంతు తీయగా చేసుకుని, "అవ్వా, ఆ నీళ్ళేవో నువ్వే పొయ్యరాదు? మేమంటే సంసారాలున్నోళ్ళం. నీకు కొత్తగా పొయ్యేదేమున్నది?" అన్నాడు.

దేవవ్వ లేచింది. "మొగడు సచ్చినదాన్నని నాతోని పోపిద్దామనుకున్నవా? పొద్దుగాల ఎదురొస్తె తుపుక్కున ఉమ్మి ఎన్కకు మర్లుతరు గదా, ఇప్పుడు యాదికొచ్చిన్నా? నాకు పొయ్యేది గీ చెరుకు. కాలిందనుకో, ఒక్కొక్కని ఇంటిముంగట కూసుంట. దినాం పొద్దుగాల, మీరు తలుపు తీసే యాళ్ళకు!"

అయిదుగురూ లెక్క వేసుకున్నారు. చెరుకు కాలడం కన్నా ఆ రెండోది చాలా పెద్ద నష్టం.

ఆమె కాలువ నీళ్ళ కుండ తెచ్చి మార్కండేయ కాళ్ళ దగ్గర పెట్టింది. "మాటిచ్చింది నువ్వు," అంది.

అంతలో ఒక నిప్పురవ్వ లేచి, చెప్పులతో గీకని ఆరడుగుల్లో పడింది. ఎండాకు చిటపటమంది. మంట సన్నగా పాకుతూ చెరుకు వైపు బయల్దేరింది. నలుగురు పంతుళ్ళు మంచి చురుకుగా కదిలి గొడుగులు, దిండ్లు, పచ్చళ్ళు బండిలోకి చేర్చారు.

దేవవ్వ తన చీర కొంగు తడిపి ఆకు మీద కొడుతోంది. ఆమె పాదాలకూ మొదటి చెరుకు గడకూ మధ్య రెండు జానల దూరమే ఉంది. మార్కండేయకు రాధాబాయి గుర్తొచ్చింది, భూమవ్వ గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని కుండ ఎత్తి పాకే మంట మీద కుమ్మరించాడు. కళ్ళు తెరిచి చూస్తే తాను బతికే ఉన్నాడు. కాలువకు పరిగెత్తి రెండో కుండ, మూడో కుండ తెచ్చి అసలు మంట మీద పోశాడు. కట్టెతో కలిపి, బూడిదలో అరచేయి పెట్టాడు. బొబ్బ లేచింది. నాలుగో కుండకు గానీ బూడిద చల్లబడలేదు.

దేవవ్వ దండం పెట్టలేదు. తన చేయి కూడా పెట్టి చూసుకుని, "ఇగ పోండ్రి," అంది.

బండిలో అతని పక్కన ఎవరూ కూర్చోలేదు. శనివారం బడి తెరిచేసరికి, శుక్రవారం పూట మార్కండేయ తన చేతులతో నిప్పు ఆర్పాడని హెడ్మాస్టరుకు తెలిసింది. అలాంటి మనిషి చేతికి పిల్లల్ని ఎట్లా అప్పగిస్తారు? విజిల్ దేవిదాస్ మెడలో పడింది.

వైశాఖంలో రాధాబాయికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. నీళ్ళు పోయకుంటే మొగపిల్లవాడే పుట్టేవాడని భూమవ్వ వాడంతా చెప్పింది.

మళ్ళీ మాఘం వచ్చింది. పిల్లల్ని తీసుకెళ్ళాలి. ఆ చుట్టుపక్కల ఇంకే రైతూ జాగా ఇవ్వకపోయేసరికి దేవిదాస్ విజిల్ వేసుకుని దేవవ్వ దగ్గరికే పోయాడు.

"నీళ్ళు వోసినాయన వస్తెనే రాండ్రి," అందామె.

అలా ఆ శుక్రవారం దేవిదాస్ ఊదాడు, పిల్లలు మంట వేశారు, వండారు, తిన్నారు. అప్పుడు దేవిదాస్ రెండుసార్లు ఊది, పిల్లలందరినీ వెనక్కి తిరిగి నిలబడమన్నాడు, చూడకూడని పనేదో జరగబోతున్నట్టు. మార్కండేయ ఒక్కడే కుండతో వచ్చాడు. పోశాడు, కలిపాడు, పాత మచ్చ ఉన్న అరచేతిని బూడిదలో పెట్టి చూపించాడు.

దేవవ్వ వంగి తన చేయి కూడా పెట్టింది.

"ఇంకా నమ్మవా అవ్వా?" అన్నాడు.

"ఈళ్ళను మల్ల దోలుకొచ్చినవ్ గదా, నిన్నెట్ల నమ్ముత?" అందామె. "గా మూలకు ఎచ్చగున్నది. ఇంకో కుండ తే."

మార్కండేయ కాలువ వైపు నడిచాడు.