నెత్తిన సైకిల్ మోసిన కారు

నేను ఒక కారును. అంటే, ఒకప్పుడు. ఇప్పుడు నన్ను చూసి కారు అనాలంటే మీకు కాస్త పెద్ద మనసు కావాలి. నాలుగు చక్రాలూ ఊడదీశారు. సీట్లు ఎవరో హోటల్ అతను పట్టుకుపోయాడు. ఇంజన్ ఇప్పుడెక్కడ ఉందో నాకే తెలియదు. డోర్నకల్‌లో పాత ఇనుము దుకాణం వెనక గోడవారగా పడి ఉన్నాను. జాలిపడకండి, మీ జాలి నాకక్కర్లేదు. చెప్పవలసింది ఒకటుంది. అది చెప్పేసి ఊరుకుంటాను.

మద్రాసు వైపు ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. పొడుగుబండిని. ఏడుగురు కూర్చోవచ్చు, పైకప్పు మీద సామాను కట్టుకోవడానికి అటూ ఇటూ రెండు కడ్డీలు కూడా ఉండేవి. మొదట నన్ను కొన్నది ఖమ్మంలో ఒక లెక్చరర్. కొన్నరోజు నా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు, నెలరోజులు సొంత తువ్వాలుతో తుడిచాడు. రెండో ఏడు నుంచి నన్ను కడిగింది వాన ఒక్కటే. మనుషుల ప్రేమ ఇంతేనని అప్పుడే తెలుసుకున్నాను. తర్వాత ఒక టెంట్‌హౌస్ అతని చేతిలో పడి ఆరేళ్లు వంట డేక్సాలు, కుర్చీలు, పందిరి గుడ్డలు మోశాను. ఎన్ని పెళ్లిళ్లకు వెళ్లానో లెక్కలేదు, ఒక్క పెళ్లిలోనూ నన్ను నీడలో నిలబెట్టలేదు. చివరికి ఖమ్మంలోనే పాత బండ్లు అమ్మే స్థలానికి చేరాను.

అక్కడికి వచ్చాడు మల్సూరు. డోర్నకల్ స్టేషన్ రోడ్డులో సైకిళ్లు బాగుచేసే మనిషి. పక్కన బావమరిది యాకయ్య. వీళ్లిద్దరూ కాక మూడోది ఒక సైకిల్. కారు కొనడానికి వచ్చేవాడు సైకిల్‌ను వెంటబెట్టుకు రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎవ్వరన్న మైలేజీ అడుగుతరు. మీరేందన్నా, బండి కొననీకి సైకిల్ తెచ్చిన్రు?" అని అమ్మేవాడు నవ్వాడు.

"మైలేజీ నాకెందుకు? నా బిడ్డె సైకిల్ పట్టాలె, గంతే," అన్నాడు మల్సూరు.

ఆ బిడ్డ పేరు నీలవేణి. పదిహేడేళ్లు. రేసు సైకిల్ తొక్కుతుంది. పోయిన ఏడు పోటీకి వెళ్తూ సైకిల్‌ను బస్సు మీద కట్టారు. దిగేసరికి వెనక చక్రం వంకరపోయి ఉంది. ఆ చక్రంతోనే తొక్కి ఐదోదిగా వచ్చింది. మొదటి ముగ్గురిని హాస్టల్లో పెట్టి, తిండి పెట్టి, తర్ఫీదు ఇస్తారు. ఈ ఏడు గడిస్తే ఆమెకు పద్దెనిమిది దాటుతుంది, ఇక ఆ పోటీలో నిలబడనివ్వరు. అందుకే మల్సూరు కారు కొనడానికి బయల్దేరాడు. ఆ ఒక్క పోటీకి ఆ సైకిల్‌ను చెక్కు చెదరకుండా చేర్చడానికి.

ఇక్కడ మల్సూరు పద్ధతి ఒకటి చెప్పాలి. పోటీ ముందురోజు ఆయన ఒంటరిగా కూర్చుని రెండు చక్రాల పుల్లలూ ఒక్కొక్కటే బిగించి, వదులు చేసి, మళ్లీ బిగించి, తిప్పితే వెంట్రుకవాసి కూడా ఊగకుండా సరిచేస్తాడు. తర్వాత ఇరుసుకు పసుపు దారం చుడతాడు. ఇక పోటీ అయ్యేదాకా ఆ చక్రాన్ని ఎవరూ విప్పకూడదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం. కానీ పనిమంతుడు, అది మాత్రం కాదనను.

మొదట ఒక చిన్నకారు చూశారు. వెనక సీటు మడిచి సైకిల్ లోపలికి తోశారు. ముందు చక్రం దగ్గర ఆగిపోయింది.

"బావా, ముందు చక్రం ఇప్పితే దీంట్లనే పడ్తది గదా," అన్నాడు యాకయ్య.

"ఇప్పే ముచ్చట తియ్యకు. చక్రం ఇప్పితే నేను చేసిన పనంత గంగల గలుస్తది."

రెండో కారుకు వెనకాల సైకిల్ తగిలించే కొక్కేలున్నాయి. మల్సూరు చూసి తల అడ్డంగా ఊపాడు. గొలుసు నిండా దుమ్ము పడుతుందన్నాడు, వెనకనుంచి లారీ ముద్దుపెట్టుకుంటే ఏమిటన్నాడు. మూడోది గుడ్డ టాపు జీపు. దాని మీద దేన్ని బిగిస్తారు? అప్పుడు నా దగ్గరికి వచ్చాడు. చెప్పులు విడిచి నా మీదికెక్కాడు. టేపు తీసి నా పైకప్పు పొడుగు కొలిచాడు, వెడల్పు కొలిచాడు, కడ్డీకీ కడ్డీకీ మధ్య దూరం కొలిచాడు, సైకిల్ హ్యాండిల్ వెడల్పు కొలిచాడు. సైకిల్‌ను పైకి తెప్పించి నిలబెట్టి చూశాడు. నేల నుంచి ఆ హ్యాండిల్ దాకా ఎత్తెంతో మాత్రం కొలవలేదు.

"గిదే," అన్నాడు దిగి.

నాకు ఒళ్లు పొంగింది, దాచుకోవడమెందుకు? పదేళ్లలో నన్ను ఏరి కోరి ఎంచుకున్న మొదటి మనిషి అతనే. నా పొడుగు, నా పైకప్పు ఒకరికి అక్కరకొచ్చాయని మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

వారం తిరిగేసరికి నా నెత్తిమీద ఇనుప చట్రం అమర్చారు. సైకిల్ రెండు చక్రాలతో, నిటారుగా, గుర్రంలాగా నిలబడేది. యాకయ్య పట్టుకుని ఊపితే నేను ఊగాను గాని అది ఊగలేదు.

పోటీ రోజు తెల్లవారుతుండగా బయల్దేరాం. వరంగల్ దాటి వెళ్లాలి, తొమ్మిదింటికి పోటీ. యాకయ్య నడుపుతున్నాడు, పక్కన మల్సూరు. వెనక సీట్లో నీలవేణి, ఆమె స్నేహితురాలు రజిత. రజిత కూడా పోటీలో ఉంది. ఆమె సైకిల్‌కు ఇంత రాజభోగం లేదు. తానే రెండు చక్రాలూ విప్పి, పాత చీరలో చుట్టి, నా వెనక భాగంలో పడుకోబెట్టింది.

"చక్రం ఇప్పిన సైకిల్ గెలుస్తదా బిడ్డా?" అని మల్సూరు ఆటపట్టించాడు.

"గెలవకుంటే నువ్వే బిగియ్యలేదని చెప్తా పెదనాయినా," అంది రజిత. అందరూ నవ్వారు.

ఊరి చివర రైల్వే గేటు పడి ఉంది. గూడ్సు బండి ఒకటి పట్టాల మీద నిలబడి కదలనంటోంది. పావుగంట చూశారు, అరగంట చూశారు. నీలవేణి గడియారం చూసుకుంటోంది.

"రైలు వంతెన కింది నుంచి పోనియ్యి," అన్నాడు మల్సూరు.

యాకయ్య సందేహించాడు. "పైన సైకిల్ ఉన్నది బావా. దూరుతదా?"

"ఇరవై ఏండ్ల సంది పోతున్న ఆ తొవ్వల. నెత్తికి ఎన్నడు ఏం తాకలే. పోనియ్యి."

నిజమే, తాకలేదు. ఇరవై ఏళ్లూ అతను సైకిల్ మీద వెళ్లాడు. నీలవేణి రోజూ పొద్దున ఆ వంతెన కిందనుంచే ముప్పై కిలోమీటర్లు తొక్కి వచ్చేది. సైకిల్ తొక్కేవాడికి కింద గుంత కనబడుతుంది, కంకర కనబడుతుంది, పైన ఏముందో ఎవడు చూస్తాడు? వంతెనకు ముందు ఎనిమిదడుగుల ఎత్తులో అడ్డంగా ఒక ఇనుప దూలం ఉంది, పెద్ద బండ్లు రాకుండా. నేను ఆరడుగులకు కొంచెం తక్కువ. నా మీద మూడడుగుల పైన సైకిల్. ఈ లెక్క నాకు తెలుసు, నాకు నోరు లేదు. పోనీ మీకు నోరుండి ఏం చేశారు?

వాలులో దిగుతున్నాం కాబట్టి వేగంగానే ఉన్నాం. మొదట చప్పుడు వినబడింది. తర్వాత చట్రం నా పైకప్పును లోపలికి చీల్చుకుంటూ వెనక్కి పోయింది. సైకిల్ నా వెనక అద్దం పక్కనుంచి రోడ్డు మీద పడింది. లోపల ఎవరికీ దెబ్బ తగల్లేదు. యాకయ్య స్టీరింగు వదలకుండా అలాగే కూర్చున్నాడు.

నీలవేణి దిగి సైకిల్ దగ్గరికి వెళ్లింది. ముందు మెడ దగ్గర ఫ్రేమ్ రెండుగా విరిగింది. చక్రాలు మాత్రం బాగానే ఉన్నాయి. మల్సూరు రోడ్డు మీద గొంతుకూర్చుని ముందు చక్రాన్ని వేలితో తిప్పాడు. అది తిన్నగా తిరిగింది. అది ఆగేదాకా చూసి మళ్లీ తిప్పాడు.

"నాయినా, లెవ్వు. రజితను తోలుకపోదాం. టైం అయితున్నది," అంది నీలవేణి. ఆ మాటకు నాకు గుండె ఉంటే పగిలేది. తన బతుకు రోడ్డు మీద రెండు ముక్కలై పడి ఉంటే ఆ పిల్ల పక్కదాని టైం చూసింది.

పైకప్పు కూలినా నడవగలను కాబట్టి నడిచాను. పోటీ స్థలంలో యాకయ్య కనబడిన ప్రతి జట్టునూ అడిగాడు. ఒకరి దగ్గర మారు సైకిల్ ఉంది, ఆరడుగుల పిల్లవాడిది. సీటు పూర్తిగా దించినా నీలవేణి కాలు పెడల్‌కు అందలేదు. అందరూ ఒకేసారి బయల్దేరే పోటీ, ఒకరి సైకిల్ ఇంకొకరు తొక్కే వీలు లేదు.

మిగిలింది రజిత సైకిల్. మల్సూరు చీర విప్పి చక్రాలు బయటికి తీశాడు. నీలవేణి ఫ్రేమ్ ఎత్తి పట్టుకుంది. ఆయన వెనక చక్రం పెట్టి గొలుసు తగిలించాడు, ముందు చక్రం పెట్టి రెండు వైపులా బిగించాడు. తిప్పి చూశాడు. వెంట్రుకవాసి కూడా ఊగలేదు. మొత్తం కలిపి నాలుగు నిమిషాలు పట్టిందేమో.

నీలవేణి ఆ తిరిగే చక్రాన్నే చూస్తోంది.

"గింతేనా నాయినా?" అంది.

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. మల్సూరు పానా సంచీలో పెట్టుకుని నా చాటుకు వచ్చి, నా తలుపుకు తల ఆనించి నిలబడ్డాడు.

రజిత రెండోదిగా వచ్చింది. హాస్టల్‌కు వెళ్లింది.

ఊళ్లో ఎవరికి తోచింది వాళ్లన్నారు. దూలం పెట్టినవాళ్లది తప్పన్నారు, తోలినవాడిది తప్పన్నారు. ఒకాయన నా నంబరు అంకెలన్నీ కూడి ఎనిమిది వచ్చిందని, ఇది శని బండి అని తేల్చాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు, ఆ కాకులు నెలరోజులు పొడిచి వెళ్లాయి. తర్వాత నన్ను ఈ ఇనుము దుకాణానికి తోసేశారు.

నీలవేణి ఇప్పుడు ఖమ్మంలో చీరల దుకాణంలో పనిచేస్తుంది. రైల్లో వెళ్లి రైల్లో వస్తుంది. సెలవులకు రజిత వస్తే ఇద్దరూ ఈ గోడ పక్కనుంచే మాట్లాడుకుంటూ వెళ్తారు. అక్కడ పొద్దున్నే ఎన్ని కిలోమీటర్లు తొక్కిస్తరు, అన్నం మంచిగ పెడ్తరా అని నీలవేణి అడుగుతుంది. ప్రతిసారీ అదే అడుగుతుంది.

మొన్న మల్సూరు పాత చక్రాల పుల్లలు ఏరుకోవడానికి ఇక్కడికి వచ్చాడు. ఆయన్ను వెతుక్కుంటూ ఒక బడి వ్యాయామం సారు వచ్చాడు. పిల్లల సైకిళ్లను పోటీలకు తీసుకెళ్లడానికి బడివాళ్లు కారు కొంటారట.

"సైకిళ్ల సంగతి నీకు తెల్సినంత ఎవరికి తెల్వదన్నరు మల్సూరన్నా. ఏ కారు మంచిగుంటది? పొడుగుదా, జీపా?"

మల్సూరు చేతిలోని పుల్లలు సంచీలో వేసుకున్నాడు. నావైపు చూడలేదు.

"ఏదైనా సరిపోతది సారూ," అన్నాడు. "చక్రం ఇప్పుకోండ్రి."

సారు ఇంకేదో అడగబోయాడు. మల్సూరు సంచీ భుజాన వేసుకుని, నా చుట్టూ తిరిగి గేటు దాటి వెళ్లిపోయాడు.