ఆరు ఫ్యాన్ల డబ్బా

కండెల మిషన్ ముందు కూర్చున్న మొదటి రోజే పద్మలతకూ హనుమండ్లుకూ పడలేదు.

ఆ పని పద్మలత తల్లి కమలవ్వది. సిరిసిల్లలో లింగమూర్తి సేటు ఖార్ఖానాలో ఇరవై రెండేళ్లు సాంచెలకు, అంటే మరమగ్గాలకు, నూలు కండెలు చుట్టింది. నూలు దుమ్ము పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు పాడయ్యాయని కరీంనగర్ డాక్టర్ చెప్పాక మంచం పట్టింది. పద్మలత అప్పటిదాకా బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటర్లో పని చేసేది. పాడైన కంప్యూటర్లు విప్పి బాగుచేయడం అక్కడే నేర్చుకుంది. ఆ సెంటర్ మూతపడటంతో తల్లి పనిలోకి వచ్చింది. ముప్పై ఏళ్లుగా అదే ఖార్ఖానాలో సాంచెలు నడుపుతున్న హనుమండ్లు మాత్రం ఆ పని తన కోడలికి ఇప్పించాలని చూశాడు. సేటు ఇవ్వలేదు. ఆ కోపం సేటు మీద చూపించలేక పద్మలత మీద చూపించాడు.

"కంప్యూటర్లు ఒత్తెటోళ్లకు కండెలేం తెలుస్తయ్?" అని సాంచెల చప్పుడును మించి అరిచాడు.

"గీ సప్పుడు నేను మా అవ్వ కడుపుల ఉన్నప్పటి సంది ఇంటున్న కాకా. నీ పోగులు నువ్వు చూసుకో" అంది పద్మలత, అంతే గట్టిగా.

ఆ తర్వాత ఇద్దరి మధ్యా సరైన మాట లేదు. కండెలు ఆలస్యమయ్యాయని అతను తిట్టేవాడు. పోగు తెగేది నీ మొరటు చేతుల వల్లేనని ఆమె అనేది.

ఆ ఖార్ఖానాలో ఇరవై నాలుగు సాంచెలు, పైన రేకులు. గాలి తగిలితే పోగులు తెగుతాయని లింగమూర్తి కిటికీలన్నిటికీ అట్టలు కొట్టించాడు. ఏప్రిల్ వచ్చేసరికి లోపల ఊపిరాడేది కాదు. నూలు నుసి గాలిలో తేలుతూ కనురెప్పల మీద, పెదాల మీద, మూసి పెట్టిన సద్ది గిన్నె మీద కూడా వాలేది. సాయంత్రం ఇంటికెళ్లి ముక్కు చీదితే తెల్లటి ఉండ పడేది. పక్క మంచం మీద తల్లి ఒక్కో శ్వాస కోసం భుజాలు ఎగరేస్తుంటే చూసి, ఆ ఉండను పద్మలత కాగితంలో చుట్టి దూరంగా పారేసేది.

ఒక రోజు సేటును ఆపి అడిగింది. "దుమ్ము గుంజే పెద్ద ఫ్యాన్ ఒకటి పెట్టియ్యిండ్రి సేటూ. మా అవ్వ గతి అందరికీ పట్టొద్దు."

"మీ అవ్వకు ఉన్న రోగాన్ని నా ఖార్ఖానాకు అంటగట్టకు" అన్నాడు లింగమూర్తి. "ఉండబుద్ధైతె ఉండు. లేకుంటె నీ తొవ్వ నువ్వు చూసుకో."

వెనక నుంచి హనుమండ్లు నవ్వాడు.

ఆ ఆదివారం పద్మలత ఇంటికి పాత ఇనుము తేవడానికి ఓంప్రకాశ్ కొట్టుకు వెళ్లింది. మంచానికి ఒక కోడు కావాలి. ఓంప్రకాశ్ ఆదిలాబాద్ నుంచి వచ్చి సిరిసిల్లలో పాత సామాను కొట్టు పెట్టుకున్నవాడు. అక్కడ మూలన అద్దం తలుపున్న కంప్యూటర్ క్యాబినెట్ ఒకటి పడి ఉంది. లోపల బోర్డు లేదు, మెమరీ లేదు, హార్డ్ డిస్క్ లేదు. ఎవరో ఖరీదైనవన్నీ పీక్కుపోయారు. కానీ అరచేయంత ఫ్యాన్లు ఆరు, చుట్టూ రంగు లైట్లతో, అలాగే ఉన్నాయి. అడుగున కంప్యూటర్‌కు కరెంటు అందించే ఇనుప డబ్బా, అంటే ఎస్ఎంపీఎస్ కూడా ఉంది.

"గవి పని చెయ్యవక్కా" అన్నాడు ఓంప్రకాశ్. "నేను ప్లగ్గు వెట్టి చూసిన. సప్పుడే లేదు. బోర్డు ఉంటెనే అది లేస్తది."

"లేపుడు నాకెర్క. తూకం ఎయ్యి" అంది పద్మలత.

మధ్యాహ్నం తల్లి మంచం పక్కనే కూర్చుని పని మొదలుపెట్టింది. కంప్యూటర్ మీట నొక్కితే బోర్డు చేసే పని ఒక్కటే: ఎస్ఎంపీఎస్ పెద్ద ప్లగ్గులోని ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో కలపడం. ఆ కలిపే పని మనమే చేస్తే బోర్డు అక్కర్లేదు. ఇంటర్నెట్ సెంటర్లో పాడైన ఎస్ఎంపీఎస్‌లను ఆమె అలాగే పరీక్షించేది. కరెంటు తీసి ఉంచి, ఆ రెండు రంధ్రాల్లో చిన్న తీగ గుచ్చింది. ఫ్యాన్ల వైర్లన్నీ కలిసే చిన్న పెట్టెను ఎస్ఎంపీఎస్‌కు తగిలించి స్విచ్ వేసింది. ఆరు ఫ్యాన్లూ ఒకేసారి తిరిగాయి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ లైట్లు కమలవ్వ ముఖం మీదుగా పరుగెత్తాయి.

"ఏందే గిది? బతుకమ్మనా?" అంది కమలవ్వ దగ్గుతూ.

పద్మలత క్యాబినెట్ మీద రంగులు మార్చే మీటను వరసగా నొక్కి లైట్లను తెల్లరంగు మీద నిలిపింది. పండ్ల చెక్కపెట్టె ఒకదానికి ఆరు రంధ్రాలు కోసి ఫ్యాన్లను, పక్కన ఆ మీటను బిగించింది. దుమ్ము పడి వేడెక్కకుండా ఎస్ఎంపీఎస్‌ను విడిగా, పొడుగు వైరుతో పెట్టింది.

సోమవారం పొద్దున ఆ డబ్బాను కండెల మిషన్ పక్కన పెట్టి నడిపింది. ముఖం మీది నుసి మొత్తం ఎగిరిపోయింది. ఎన్ని నెలల తర్వాతో ముక్కుతో గాలి పీల్చుకుంది. అరగంట తిరక్కముందే హనుమండ్లు సాంచె ఆపి పరుగెత్తుకొచ్చాడు.

"నీ దుమ్మంత నా మీదికి కొడ్తున్నవ్! నాలుగు పోగులు తెగినయ్!"

అది నిజమే. ఫ్యాన్లు ఊదిన నుసి నేరుగా అతని సాంచె మీదికే పోతోంది. పద్మలత చూసింది, ఒప్పుకోవడానికి నోరు తెరిచింది. ఈలోగా అతను ప్లగ్గు పీకి డబ్బాను కాలితో తోశాడు. ఒక మూల చెక్క విరిగింది. ఆమె నోట్లోని మాట మారిపోయింది.

"ఇంకోపారి కాలు వెట్టు కాకా, ఆ కాలు నీది కాదనుకో!"

గొడవ విని లింగమూర్తి వచ్చాడు. ఎవరో ప్లగ్గు మళ్లీ పెట్టారు. తోపులాటలో మీట నొక్కుకుందేమో, లైట్లు రంగురంగులుగా తిరగడం మొదలుపెట్టాయి.

"ఇదేమన్న పెండ్లి బరాతా? డీజే వెడ్తున్నవా నా ఖార్ఖానల?" అని అరిచాడు. అందరూ నవ్వారు. "రేపు గిది గిట్ల ఊదుకుంట కనవడితె రోడ్డు మీద ఇసిరేస్త."

"ఊదది. రేపు ఊదనే ఊదది" అంది పద్మలత.

మర్నాడు ఫ్యాన్లను వెనక్కి తిప్పి బిగించి, లైట్లను మళ్లీ తెల్లరంగుకు మార్చుకొచ్చింది. ఇప్పుడవి గాలిని బయటికి ఊదకుండా లోపలికి లాగుతున్నాయి. ముందు భాగానికి తల్లి పాత చీర ముక్కను బిగుతుగా కట్టింది. పోగులేవీ తెగలేదు. హనుమండ్లు ప్రతి పావుగంటకూ వచ్చి, తప్పు దొరుకుతుందేమోనని వంగి చూసి పోయాడు. తెల్ల లైటులో చీర ముక్క మీద నుసి ముందు మంచులా పట్టింది. తర్వాత దూదిలా పేరుకుంది. మధ్యాహ్నం అన్నానికి సాంచెలు ఆగేసరికి వేలి మందం పట్టింది.

పద్మలత దాన్ని చాపలా ఒలిచింది. రెండు చేతులతో పట్టుకుని సేటు గదిలోకి పోయి అతను తింటున్న పళ్లెం పక్కన పరిచింది.

"పొద్దుగాల ఎనిమిదింటి సంది ఇప్పటిదాక పట్టింది గిది. ఆరు చిన్న ఫ్యాన్లు గుంజింది గింత. అవి గుంజనిది మేము గుంజినం."

లింగమూర్తి చేతిలో ముద్ద ఆగిపోయింది. తలుపు దగ్గర పనివాళ్లు గుమిగూడారు. ఆ నుసి చాపను చూసి ఎవరూ నవ్వలేదు. అందుకే అతనికి ఇంకా మండింది.

"ఎవరికి చూపిస్తానికి తయారు చేసినవ్ గిది? లేబర్ ఆఫీసర్‌కా? పేపరోళ్లకా?"

"మీకే చూపిస్తున్న."

"చూసిన. ఇగ పో. రేపటి సంది రాకు."

పద్మలత వెనక్కి తిరిగి హనుమండ్లు వైపు చూసింది. ముప్పై ఏళ్లు ఆ నుసే పీల్చినవాడు, ఒక్క మాట అంటాడనుకుంది.

"పోనీయి సేటూ" అన్నాడు హనుమండ్లు. "ఇసొంటోళ్లు ఉంటె ఖార్ఖానా నడవది."

డబ్బా తీసుకుపోతానంటే సేటు ఒప్పుకోలేదు. తన కరెంటుతో నడిచింది కాబట్టి తన దగ్గరే ఉంటుందన్నాడు. ఇద్దరు మనుషులు అడ్డం నిలబడ్డారు. ఆమె ఉత్త చేతులతో ఇంటికి పోయింది.

వారం తిరిగేసరికి పక్క వీధిలో ఎనిమిది సాంచెల చిన్న ఖార్ఖానాలో పని దొరికింది. ఆ ఆసామి పేరు కొండల్. పద్మలత తన డబ్బా గురించి చెబితే, "తెచ్చుకో, నాకేం ఇబ్బంది" అన్నాడు. ఆ మధ్యాహ్నమే పద్మలత లింగమూర్తి ఖార్ఖానాకు వెళ్లింది.

డబ్బా పాత చోట లేదు. హనుమండ్లు సాంచె కింద, అతని మోకాళ్ల పక్కన తిరుగుతోంది. చీర ముక్కను ఎవరూ దులిపిన పాపాన పోలేదు. నుసి గడ్డకట్టి ఫ్యాన్లు ముక్కుతున్నాయి. తెల్ల లైటు మాత్రం పోగుల కిందినుంచి పడుతోంది. తెగిన పోగు ఎక్కడుందో అతను వెతుక్కోకుండానే పట్టుకుంటున్నాడు.

"బాగున్నదా కాకా?" అంది పద్మలత.

హనుమండ్లు ఉలిక్కిపడ్డాడు. వెంటనే సర్దుకున్నాడు. "సేటు పెట్టిండు. నన్నేం అడుగుతవ్?"

పద్మలత కిందికి వంగింది. ప్లగ్గు తీసి, ఎస్ఎంపీఎస్‌తో సహా డబ్బా ఎత్తింది. అతను రెండో వైపు పట్టుకున్నాడు. ఇద్దరూ చెరో పక్కకు గుంజారు. గుంజుతుండగానే అతనికి దగ్గు తెర వచ్చింది. వంగిపోయి, గోడ పట్టుకుని, గుడ్లు బయటికొచ్చేలా దగ్గాడు. ఆ చప్పుడు పద్మలతకు ఎరుకే. రోజూ తెల్లవారుజామున ఇంట్లో వింటున్నదే. ఒక్క క్షణం ఆమె చేతులు సడలాయి. తర్వాత డబ్బాను చంకన పెట్టుకుని బయటికి నడిచింది.

గేటు దగ్గర లింగమూర్తి ఎదురయ్యాడు. "దొంగతనం కేసు వెడ్త!"

"పెట్టు. ఓంప్రకాశ్ నాకే తూకం ఏసిచ్చిండని ఠాణల చెప్తడు. నేను గీ గుడ్డ చూపిస్త" అని నుసి గడ్డకట్టిన చీర ముక్కను అతని ముందు పెట్టింది. అతను పక్కకు జరిగాడు. అంతదాకా అతన్ని 'మీరు' అన్నదల్లా ఆ రోజు 'పెట్టు' అని ఏకవచనంలో అనేశానని ఇంటికొచ్చాకగానీ ఆమెకు తోచలేదు.

ఐదో రోజు పొద్దున హనుమండ్లు ఆమె ఇంటి ముందుకు వచ్చాడు. చంకలో ఒక పాత కంప్యూటర్ క్యాబినెట్ ఉంది. ఓంప్రకాశ్ కొట్టులో కొన్నదే.

"ఏందీ?" అంది పద్మలత గడపలో నిలబడి.

"జర నడిపియ్యి." కళ్లు నేల మీదే ఉన్నాయి. "నాకు రాలే."

"నేను చెయ్య."

"పద్మా..."

"నేను చెయ్య కాకా. చెప్త. రాసుకుంటవా, రాసుకో. లేకుంటె పో."

అతను జేబులోంచి పెన్సిలు, సిగరెట్ డబ్బా అట్ట తీశాడు. కూర్చోమని ఆమె అనలేదు. అతను నిలబడే, అట్టను తొడ మీద ఆనించుకుని రాశాడు.

"పెద్ద ప్లగ్గుల పచ్చ వైరు ఒక్కటే ఉంటది. కరెంటు బంద్ వెట్టి, దాన్ని నల్ల దాంతోటి తీగతోని కలుపు. తర్వాత స్విచ్ ఎయ్యి."

"పచ్చ అంటె? ఆకుపచ్చనా, పసుపుపచ్చనా?"

అడగాల్సిన మాటే అడిగాడు. అందుకు ఆమెకు చిరాకేసింది. "ఆకుపచ్చ. పసుపుపచ్చది ఫ్యాన్లకు, నల్ల దాంతోటి కలిపి. లైట్లకు ఎర్రది, నల్లది. లైట్లకు పసుపుపచ్చ ఇచ్చినవనుకో, మాడిపోతయ్. ఫ్యాన్లు ఊదొద్దు, గుంజాలె. ముందట గుడ్డ కట్టు. అయిపాయె."

అతను అక్షరం అక్షరం రాసుకుని వెళ్లిపోయాడు. రెండో రోజు మళ్లీ వచ్చాడు. వేలికి బట్ట చుట్టి ఉంది.

"లైట్లు మాడినయ్."

"పసుపుపచ్చ ఇచ్చినవ్."

"ఇచ్చిన."

"ఫ్యాన్లు తిరుగుతున్నయా?"

"తిరుగుతున్నయ్."

"లైట్లు లేకుంటె సావవు. గుడ్డ మాత్రం రోజు దులుపు. వారానికోపారి కాదు, రోజు."

అతను తల ఊపాడు. అయినా కదల్లేదు. లోపల్నుంచి కమలవ్వ దగ్గు వినబడింది. అది వినగానే అతనికీ దగ్గు వచ్చింది. పద్మలత తలుపు వేసేసింది.

"ఎవరే? హన్మండ్లేనా?" అంది కమలవ్వ మంచం మీదినుంచి. "జర మంచినీళ్లన్న ఇయ్యకపోతివి."

"ఇస్తె కూసుంటడు" అంది పద్మలత. పనికి ఆలస్యమవుతోందని డబ్బాకు కట్టే చీర ముక్కను బయటికి తీసుకెళ్లి గోడకేసి కొట్టింది. నుసి వీధిలోకి లేచింది. అప్పటికి హనుమండ్లు మలుపు తిరిగిపోయాడు.